శీతోష్ణస్థితి, పర్యావరణం, సమాజం: బెజవాడ, గుంటూరు విద్యార్థులు ఈ కోర్సును చదవవలసిన తీరు

విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రం తీసుకున్న విద్యార్థికి ఏదో ఒక సెమిస్టరులో శీతోష్ణస్థితి, పర్యావరణం, సమాజం అనే మూడు మాటలను కలిపిన పేపరు ఎదురవుతుంది. దాని పేరు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉండవచ్చు గాని విషయం దాదాపు ఒకటే. ఈ పేపరు చెబుతూ నేను ఏటా ఒకే సంగతిని గమనిస్తున్నాను. మొదటి మాటను విద్యార్థులు విజ్ఞాన శాస్త్రంగా శ్రద్ధగా చదువుతారు, రెండవ దానిని నినాదాల స్థాయిలో వదిలేస్తారు, మూడవ దానిని పరీక్షకు ముందు రాత్రి రెండు పేజీల నోట్సుతో ముగిస్తారు. నిజానికి ఈ కోర్సు సారమంతా ఆ మూడవ మాటలోనే ఉంది. ఒకే వాన కురిసిన ఒకే ఊరిలో ఒక వీధివారు నాలుగు రోజులు మిద్దెల మీద గడపవలసి వస్తే, పక్క వీధివారు మరునాడే దుకాణాలు తెరుచుకున్నారు. అలా ఎందుకు జరిగిందో చెప్పగలిగిన విద్యార్థికి ఈ పేపరు వచ్చినట్టే.

అందుకు నేను సూచించే పద్ధతి ఒక్కటే. సెమిస్టరు మొదటి వారంలోనే మీకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక వాగునో, చెరువునో, కొన్ని పొలాలనో ఎంచుకోండి. పదహారు వారాల పాఠాలనూ వచ్చినవి వచ్చినట్టుగా దాని మీద పరీక్షించి చూడండి. బెజవాడ వారికి బుడమేరు వాగు ఉంది. గుంటూరు వారికి చుట్టూ మిరప చేలు ఉన్నాయి. ఈ రెండింటిలో బుడమేరు గురించే ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే ఈ కోర్సులోని ప్రతి అధ్యాయమూ ఆ ఒక్క వాగు గట్టు మీద కనిపిస్తుంది.

చేరే ముందు

మన ప్రాంతంలో భూగోళ శాస్త్రం బోధించే డిగ్రీ కళాశాలలు తక్కువ. అందువల్ల విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాదులోని ఉస్మానియాలోనో ఈ శాస్త్రంలో పీజీ చేయాలనుకునేవారు డిగ్రీలో చరిత్రో, అర్థశాస్త్రమో, పర్యావరణ శాస్త్రమో చదివి వస్తుంటారు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి సంస్థలో పర్యావరణ ప్రణాళిక వైపు వెళ్లేవారికీ ఈ విషయమే పునాది. ఏ దారిలో వచ్చినా, చేరే ముందు సిలబస్‌ను అడిగి తీసుకుని రెండు సంగతులు చూసుకోండి. క్షేత్ర పర్యటనకు మార్కులు ఉన్నాయా, పటాలూ అంకెలతో పనిచేసే ప్రాక్టికల్ గంటలు ఉన్నాయా అన్నవి ఆ రెండు. ఇవి లేని చోట చేరకూడదని నేను అనను గాని, అక్కడ చేరినవారు ఆ లోటును తామే పూడ్చుకోవాలి. గణితం విషయంలో భయపడనక్కరలేదు. సగటు, విచలనం, శాతం, రేఖాచిత్రం మీద ధోరణి రేఖ గీయడం వరకు వస్తే ఈ పేపరుకు సరిపోతుంది.

మాటలను ముందు విడదీసుకోవాలి

తెలుగులో ఈ విషయం చదివేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పత్రికలు భూమిని ఆవరించిన గాలి పొరనూ, ఈరోజు కాసే ఎండనూ, ముప్పయ్యేళ్ల సగటునూ ఒక్క ‘వాతావరణం’ అనే మాటతోనే చెబుతాయి. పాఠ్యపుస్తకాలు ఆ మూడవ దానికి ‘శీతోష్ణస్థితి’ అని వేరే పేరు పెట్టాయి. ఈ తేడాను నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. ఈ నెల ఎండ మండిపోతోందన్నది వాతావరణం. గన్నవరం వాతావరణ కేంద్రంలో మే నెల గరిష్ఠ ఉష్ణోగ్రత 1991 నుంచి 2020 వరకు సగటున ఎంత ఉందన్నది శీతోష్ణస్థితి. ముప్పయ్యేళ్ల లెక్క ఎందుకంటే, ఒకటి రెండు చెడ్డ సంవత్సరాలు సగటును పక్కదారి పట్టించకుండా ఉండాలి. మారిపోయిందని మనం అనే మాటకు విలువ రావాలంటే ముందు ఆ సగటు చేతిలో ఉండాలి.

ఈ అధ్యాయం చదివేటప్పుడు ఇంట్లో పెద్దవారిని కార్తెల గురించి అడిగి రాసుకోమని నేను విద్యార్థులకు చెబుతాను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించి, ఆ లెక్క ప్రకారం దుక్కి, విత్తు, నాటు సాగించిన రైతుల పంచాంగం అది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్న సామెత మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం వరకు వర్తిస్తుంది. మృగశిరతో తొలకరి కోసం ఆకాశం చూస్తారు, కోస్తాకు నైరుతి రుతుపవనాలు వచ్చే రోజులూ దాదాపు అవే. అక్టోబరు, నవంబరులలో వచ్చే స్వాతి, విశాఖ కార్తెలు తుపానుల కాలం. ఇదంతా తరతరాల అనుభవం తయారుచేసిన శీతోష్ణస్థితి పట్టిక. దాని పక్కన భారత వాతావరణ శాఖ నెలవారీ వర్షపాతం అంకెలను వేసి చూస్తే రుతుపవనాల పాఠం మీకు ఇంటి భాషలో అర్థమవుతుంది.

శాఖ వాడే కొలమానాలను మాత్రం కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. తీర ప్రాంతానికి ఆ కనీస హద్దు 37 డిగ్రీలు. పత్రికలో ‘కుండపోత’ అన్న మాట కనిపించినప్పుడు అది వీటిలో దేని కిందికి వస్తుందో చూసుకునే అలవాటు చేసుకోండి.

బుడమేరును పాఠంగా చదవడం

మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ ఉత్తర భాగం మీదుగా పారి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది. బెజవాడ దుఃఖదాయినిగా పేరుపడిన ఈ వాగు వరదను ఊరికి దూరంగా తిప్పడానికి వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి వచ్చే గోదావరి నీరు కూడా ఈ దారినే కృష్ణకు చేరుతుంది. ఈ నాలుగు వాక్యాలను ఒక తెల్ల కాగితం మీద పటంగా గీయండి. పటం గీయలేకపోతే పాఠం రాలేదని అనుకోవాలి.

ఇప్పుడు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలను ఆ పటం మీద పెట్టండి. వాయుగుండం వల్ల విజయవాడలోనూ, బుడమేరు పరీవాహక ప్రాంతంలోనూ ఒకేసారి కుంభవృష్టి కురిసింది. అదే సమయంలో ఎగువ నుంచి కృష్ణకు వరద వచ్చి, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 1957లో బ్యారేజీ పూర్తయిన తరువాత అంతటి ప్రవాహం ఎన్నడూ రాలేదు. కృష్ణ నిండుగా, ఎత్తుగా పారుతున్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని అది తీసుకోలేదు. నీరు వెనక్కి ఎగదన్నింది, కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల మీదికి వచ్చింది. శీతోష్ణస్థితి శాస్త్రం ఇక్కడ మీకు ఒక కచ్చితమైన మాట అందిస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోయగలిగే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. 2011–2020 దశాబ్దం నాటికి భూగోళ సగటు ఉష్ణోగ్రత పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ సగంతో పోలిస్తే దాదాపు 1.1 డిగ్రీలు పెరిగిందని ఐక్యరాజ్యసమితి శీతోష్ణస్థితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నాటి నివేదిక చెప్పింది. అయినా ‘ఈ వరదకు కారణం శీతోష్ణస్థితి మార్పు’ అని జవాబు పత్రంలో ఒక్క వాక్యంతో తేల్చేయకండి. ఇటువంటి వానలు కురిసే అవకాశం పెరుగుతోందనడం ఒక మాట, ఈ వాన అందువల్లనే కురిసిందనడం వేరొక మాట. రెండవది చెప్పడానికి ప్రత్యేకమైన గణన అవసరం.

వాన తరువాతి భాగమంతా పర్యావరణం, సమాజం. వాగు ఒకప్పుడు ఎంత వెడల్పున పారేది, ఇప్పుడు ఎంత మిగిలింది? అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు 2002లో ఎక్కిన కొల్లేరులో చేపల చెరువులు, గట్లు పెరగడం వల్ల దిగువకు నీరు పోయే వేగం ఎలా మారింది? ఇవి పర్యావరణ ప్రశ్నలు. వీటిని దాటి ముందుకు వెళ్లండి. వాంబే కాలనీ పేరు వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే గృహ నిర్మాణ పథకం నుంచి వచ్చింది. అంటే అక్కడ పేదలకు ఇళ్లు కట్టించే పని ప్రభుత్వ పథకం కింద జరిగింది. పల్లపు భూమి పేదల కాలనీలకు ఎందుకు దొరుకుతుంది, మెరక భూమి ఎందుకు దొరకదు అని అడగడంతో సమాజం అనే అధ్యాయం మొదలవుతుంది. నష్టాన్ని మూడు పాళ్లుగా విడదీయడం ఈ కోర్సు నేర్పే ప్రధానమైన పద్ధతి: వచ్చిపడిన ఆపద ఎంతటిది, దానికి ఎవరు ఎదురుగా ఉన్నారు, ఎదురుగా ఉన్నవారిలో తట్టుకోలేనివారు ఎవరు. పై అంతస్తు ఉన్న ఇల్లూ, రేకుల కప్పు ఉన్న ఇల్లూ ఒకే లోతు నీటిలో మునిగినా వాటికి జరిగిన నష్టం ఒకటి కాదు. అద్దెకు ఉండేవారి సామాను పోయినప్పుడు ఇంటి యజమాని పేరుతో ఉన్న కాగితాలు వారికి ఏ మేరకు పనికివచ్చాయో అడిగితే మూడవ పాలు మరింత స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి ఎదురుగా విజయవాడలోనే ఉన్న కృష్ణలంకను పెట్టి చూడండి. నది ఒడ్డునే ఉన్నా అక్కడి రక్షణ గోడ ఆ వరదలో ఆ పేటను చాలావరకు కాపాడింది. ఇది గోడ సాధించిన విజయం, దానిని అలాగే రాయాలి. అయితే అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే ఒక హెచ్చరిక చేశారు. కరకట్ట కట్టిన చోట భయం తగ్గి మరిన్ని ఇళ్లు వస్తాయి, ఆ కట్ట తట్టుకోలేనంత వరద వచ్చిన రోజున నష్టం మునుపటి కంటే పెద్దదవుతుంది. ఆ మాట మళ్లింపు కాలువ గట్టుకు ఎంతవరకు వర్తిస్తుంది, కృష్ణలంక గోడకు ఎంతవరకు వర్తిస్తుంది అన్నది ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు చాలినంత ప్రశ్న.

డెల్టా చరిత్రలో ఇంతకంటే కఠోరమైన పోలిక ఒకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో అంతే తీవ్రమైన తుపాను ఈ తీరాన్నే తాకినప్పుడు మృతుల సంఖ్య దాదాపు వెయ్యి. హెచ్చరికలు, ముందుగా జనాన్ని తరలించడం, తుపాను షెల్టర్లు ఈ తేడాలో ఎంత భాగం తెచ్చాయో, ఉప్పెన తాకిన చోటు, వేళ ఎంత భాగం తెచ్చాయో విడదీసి రాయడం మంచి అభ్యాసం.

అంకెలతో మాట్లాడించడం

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు 24 గంటలు ఆగకుండా పారితే 8.64 టీఎంసీలవుతుంది. ఈ ఒక్క లెక్క వచ్చినవారు 11.43 లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే అది దాదాపు 99 టీఎంసీలని తామే చెప్పగలరు. ప్రకాశం బ్యారేజీ నిల్వ సామర్థ్యం సుమారు 3 టీఎంసీలు. అందువల్ల ‘బ్యారేజీలో నీరు ఆపి ఉంటే వరద తగ్గేది’ అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో కాలిక్యులేటర్‌తో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఇదే అంకెల పాఠాన్ని న్యాయ శాస్త్రం వరకు తీసుకుపోవచ్చు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో నదిలో 2,060 టీఎంసీలు ఉంటాయని లెక్కగట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 కేటాయించింది. 75 శాతం విశ్వసనీయత అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంత నీరు వస్తుందని అర్థం. ఆ లెక్క 78 సంవత్సరాల గత ప్రవాహాల మీద ఆధారపడింది. రాబోయే కాలం గడిచిన కాలం లాగే ఉంటుందన్న నమ్మకం ఆ అంకెలో ఇమిడి ఉంది. శీతోష్ణస్థితి మారితే ఆ నమ్మకం ఏమవుతుంది, తెనాలి కాలువ చివరి ఎకరానికి ఏమవుతుంది అన్న ప్రశ్నలో మన మూడు మాటలూ ఒకే చోట కలుస్తాయి. సెమినారుకు అంశం దొరక్క తిరిగేవారు దీనిని తీసుకోవచ్చు.

సమాచారం ఎక్కడ దొరుకుతుందన్న బెంగ అక్కరలేదు. ఉపగ్రహ పటాలు చూపే ఇస్రో భువన్ పోర్టల్, జల వనరుల సమాచారం ఇచ్చే ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్, సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లు (స్థలాకృతి పటాలు), పటాలు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉంటే డిగ్రీ స్థాయి పనికి చాలు. వరద పటానికి సెంటినెల్-1 ఉపగ్రహ చిత్రాన్ని తీసుకోండి. అది రాడార్‌తో చూస్తుంది కనుక మబ్బు అడ్డం రాదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారంలో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. కొండ ప్రాంతంలో అది పెద్ద లోపం కాదు గాని, అర మీటరు పల్లం ఇల్లు మునగడానికి కారణమయ్యే డెల్టాలో ఆ పటం మీద ఆధారపడి ముంపు రేఖ గీస్తే తప్పు వస్తుంది.

క్షేత్రంలో

అందువల్లనే కాలినడకన వెళ్లాలి. వరద తీసిన తరువాత గోడ మీద మిగిలిన నీటి చారను నేల నుంచి టేపుతో కొలవండి. ఇంటి అరుగు వీధి కంటే ఎంత ఎత్తులో ఉందో వేరుగా రాయండి. ఫోనులోని జీపీఎస్ మీరు ఉన్న చోటును అయిదు, పది మీటర్ల తేడాతో చూపుతుంది గాని ఎత్తు విషయంలో దానిని నమ్మవద్దు. రెండు ఇళ్ల మధ్య మట్టం తేడా తెలియాలంటే తాపీ మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం చాలు. ఒక మేస్త్రీని అడిగితే పది నిమిషాల్లో నేర్పుతాడు. ఇరవై ఇళ్ల దగ్గర ఇలా కొలిచి పటం మీద పెడితే మీ దగ్గర ఉపగ్రహం ఇవ్వలేని సమాచారం ఉంటుంది. చార చెరిగిపోయిన చోట, నీరు ఏ మెట్టు వరకు వచ్చిందో, ఏ రోజు ఏ వేళకు వచ్చిందో, ఎప్పుడు తీసిందో ఇద్దరు ముగ్గురిని అడిగి సరిచూసుకోండి. ఆ రోజు ఫోనులో తీసిన ఫొటోలు ఉంటే వాటి మీది సమయం మంచి సాక్ష్యం.

మనుషులతో మాట్లాడే విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చేతిలో కాగితం, కలం పట్టుకుని ముంపు కాలనీలో అడుగుపెట్టిన వ్యక్తిని అక్కడివారు నష్టపరిహారం జాబితా రాయడానికి వచ్చాడనే అనుకుంటారు. ఆ ఆశతో చెప్పిన లెక్క వేరు, ఊరికే చెప్పిన లెక్క వేరు. పైగా ఆ ఆశను కల్పించడమే అన్యాయం. కనుక మొదటి మాటగా, ‘అమ్మా, మేము కాలేజీ విద్యార్థులం, సాయం జాబితా రాయడానికి రాలేదు, మీరు చెప్పినది మా చదువు కోసమే రాసుకుంటాం, చెప్పడం ఇష్టం లేకపోతే పర్వాలేదు’ అని స్పష్టంగా చెప్పండి. పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు రాసుకోకండి. ఇంటికి ఒక సంకేత సంఖ్య ఇస్తే సరిపోతుంది. మగవారు పనికి వెళ్లే పగటి పూట ఒక్కసారి, సాయంత్రం ఒక్కసారి వెళ్లండి. నీళ్లు, పిల్లలు, వంట గురించి ఆడవారు చెప్పే వివరాలు ఇంటి యజమాని చెప్పేవాటిలో ఉండవు. గేదెలు ఉన్న ఇంటివారు ముందే ఎందుకు ఖాళీ చేయలేదో కూడా ఆ సంభాషణలోనే తెలుస్తుంది.

గుంటూరు వైపు ఉండేవారు ఇదే పద్ధతిని మిరప మీద ప్రయోగించవచ్చు. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను దెబ్బతీసింది. అకాల వర్షాలు, పొడి రోజులు పురుగు ఉధృతికి ఎలా తోడ్పడ్డాయన్నది శీతోష్ణస్థితి ప్రశ్న. మళ్లీ మళ్లీ కొట్టిన మందులు పురుగును తినే మిత్రకీటకాలను ఏం చేశాయన్నది పర్యావరణ ప్రశ్న. కౌలు ముందే చెల్లించి, మందుల దుకాణంలో అప్పు పెట్టి సాగు చేసిన కౌలు రైతుకు పరిహారం చేరిందా, భూమి పట్టా ఉన్నవారికి చేరిందా అన్నది సమాజం ప్రశ్న. పురుగు గురించి శాస్త్రీయమైన వివరాలకు లాం వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గరలోనే ఉంది. వేసవిలో మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) మోసే హమాలీలు ఎండకు ఏ వేళ పని ఆపుతారు, ఆపితే కూలి ఎంత తగ్గుతుంది అన్నదీ అంతే విలువైన అంశం.

రాయడం

ప్రాజెక్టు నివేదికను భూమి పుట్టుక దగ్గర నుంచి మొదలుపెట్టకండి. మీ ప్రశ్నను మొదటి పేరాలో ఒక్క వాక్యంలో రాయండి, రెండవ పేరాలో పటం పెట్టండి. పటానికి స్కేలు, ఉత్తర దిక్కు బాణం, సమాచారం తీసిన తేదీ ఉండాలి. ఇవి లేకపోవడం వల్ల మార్కులు పోగొట్టుకున్నవారిని ఏటా చూస్తున్నాను. మీరు కొలిచినది, ఎవరో చెప్పినది, పత్రికలో చదివినది అన్న మూడింటినీ కలిపేయకుండా వేరువేరుగా చూపండి. ‘ప్రజలలో అవగాహన పెంచాలి’ అన్న సూచనతో ముగించే అలవాటును దయచేసి మానండి. సింగ్‌నగర్ వాసులకు వరద అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. వారికి లేనిది మెరక భూమి, ముందస్తు సమాచారం, ఖాళీ చేస్తే సామానుకు భద్రత. మీ సూచన ఈ మూడింటిలో దేనిని, ఏ శాఖ ద్వారా, ఎంత ఖర్చుతో తెస్తుందో చెప్పగలిగితేనే రాయండి.

పరీక్ష ఇంగ్లీషులో రాయవలసినవారు కూడా క్షేత్ర నోట్సు తెలుగులోనే ఉంచుకోవాలి. ఎగదన్నడం, గండి, తీత, మెరక, పల్లం వంటి మాటలలో ఉన్న కచ్చితత్వం అనువదించిన నోట్సులో మిగలదు. నివేదిక సమర్పించిన తరువాత మిగిలిన పని ఒకటి ఉంది. మీరు గీసిన ముంపు పటాన్ని తెలుగు అక్షరాలతో పెద్ద కాగితం మీద ముద్రించి, కొలతలు ఇచ్చిన వీధివారికి ఒక ప్రతి తీసుకువెళ్లి ఇవ్వండి. అక్కడ కనీసం ఇద్దరైనా ‘మా గుమ్మం దగ్గర ఇంత లోతు లేదు’ అనో, ‘ఇంకా ఎక్కువే వచ్చింది’ అనో వేలు పెట్టి చూపుతారు. టేపు వెంట తీసుకువెళ్లి, అక్కడే మళ్లీ కొలిచి, పటాన్ని సరిదిద్దండి.